రికార్డు సంగీతం – కలిసి వినడం

గ్రామఫోను రికార్డు వినడం మధ్యతరగతి విలాసమనీ, అందులో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమూ జాజూ వినడం మరీ మనకు సంబంధం లేని విలాసమనీ మన మిత్రులు కొందరి అభిప్రాయం. ఈ అభిప్రాయాన్ని తేలిగ్గా తోసివేయడానికి వీల్లేదు. రికార్డు ఒక సరుకు. తయారుచేసేవాడు లాభం కోసం తయారుచేస్తాడు. కొన్నవాడు ఇంటికి తీసుకుపోయి తలుపులు వేసుకుని వింటాడు. పాడినవాడి ముఖం విన్నవాడికి తెలియదు. విన్నవాడి ముఖం పాడినవాడికి అసలే తెలియదు. బుర్రకథకైనా హరికథకైనా ఎదురుగా ఒక సభ ఉంటుంది. ఆ సభ నవ్వుతుంది, కంటతడి పెడుతుంది, నచ్చకపోతే లేచిపోతుంది. రికార్డు ముందు అటువంటి సభ లేదు. మరి ఈ ఏకాంత వ్యవహారంతో అభ్యుదయ సాహిత్య విమర్శకు పనేమిటి?

పని ఉందని నా వాదన. రికార్డు చరిత్రలో ఒంటరి శ్రోత కథ సగమే. తక్కిన సగం కలిసి విన్నవాళ్లది. ఉన్న నాలుగు ప్లేట్లూ పంచుకుని, సాయంత్రాలు ఒకచోట చేరి విని, విన్నదాని గురించి పోట్లాడుకుని, ఆ పోట్లాటను కాగితం మీద పెట్టినవాళ్లు 1920, 30 దశకాల్లో లండన్‌లోనూ పారిస్‌లోనూ న్యూయార్క్‌లోనూ యొకొహామాలోనూ ఉన్నారు. జాజ్‌కు తొలి విమర్శనూ తొలి చరిత్రనూ ఇచ్చింది ప్రధానంగా వీళ్లే. విశ్వవిద్యాలయాలు చాలా ఆలస్యంగా వచ్చాయి. కంపెనీలకు ఆ అవసరమే తోచలేదు. ఈ గుంపులు చేసిన మేలూ ఉంది, చెరుపూ ఉంది. రెండూ సాహిత్య విమర్శకులమైన మనం తెలుసుకోదగినవే.

జాజ్‌ను నిరసించినవాళ్లలో మనం గౌరవించే పెద్దలున్నారు. గోర్కీ 1928లో 'ప్రావ్దా'లో ఈ సంగీతం మీద నిప్పులు చెరిగాడు. బలిసినవాళ్ల సంగీతమన్నాడు. అప్పటికాయన ఇటలీలో సొరెంతోలో ఉన్నాడు. ఆయన చెవిన పడింది రాత్రివేళ రేడియోలో మోగే ఫాక్స్‌ట్రాట్ హోరు, అంటే యూరపు హోటళ్లలో డబ్బున్నవాళ్లు చిందులు వేసే సంగీతం. మిసిసిపీ పత్తిచేలలో, షికాగో నల్లవాడల్లో ఏం పాడుతున్నారో అక్కడ కూర్చున్న ఆయనకు తెలిసే వీల్లేదు. గోర్కీ కోపం అర్థం చేసుకోదగిందే. కాని ఆ వ్యాసం తర్వాతి కాలంలో సోవియట్ సాంస్కృతికాధికారుల చేతికి కర్ర అయింది. 1940 దశకం చివర జాజ్ మీద కట్టడి బిగిసినప్పుడు లెనిన్‌గ్రాడ్ కుర్రాళ్లు ఆసుపత్రులు పారేసిన ఎక్స్‌రే ఫిల్ముల మీద దొంగచాటుగా రికార్డులు కోసుకున్నారు. ఎవరివో పక్కటెముకల మీద ముల్లు తిరుగుతూ ఉంటే పాట వినిపించేది. ఈ సంగతి మనం దాచుకోవలసిన అవసరం లేదు. ఒక కళారూపాన్ని వినకుండానే దాని వర్గ స్వభావం తేల్చేస్తే ఏమవుతుందో ఆ ఎక్స్‌రే ప్లేట్లే చెబుతాయి.

అడోర్నో సంగతి వేరు. ఆయన విన్నాడు, సంగీతశాస్త్రం క్షుణ్ణంగా తెలిసినవాడు. 1936లో మారుపేరుతో జాజ్ మీద ఒక వ్యాసం, 1938లో సంగీతం సరుకు స్వభావాన్ని గురించీ శ్రవణశక్తి దిగజారడాన్ని గురించీ మరొక వ్యాసం రాశాడు. కచేరీకి వెళ్లినవాడు నిజానికి ఆరాధిస్తున్నది టిక్కెట్టు కోసం తాను పెట్టిన డబ్బునే అన్న ఆయన వాదం పదునైనది. మారకపు విలువ మనిషి చెవిలోకి కూడా ఎలా జొరబడుతుందో అంత నిర్దాక్షిణ్యంగా చూపినవారు అరుదు. అయితే ఈ వాదంలో ఒక లోపం ఉంది. సరుకు స్వభావం నుంచి శ్రోత చైతన్యాన్ని ఆయన నేరుగా లెక్కగట్టేశాడు. ఆ సరుకు కొన్నవాడి చేతిలో ఆగిపోకుండా పది చేతులు మారితే, పదిమంది మధ్య మోగితే ఏం జరుగుతుందో ఆయన విచారించలేదు. పుస్తకమూ సరుకే. అది అమ్ముడుపోయే పద్ధతిని బట్టి పాఠకుడి బుర్రను నిర్ణయిస్తే మన పఠన మందిరాల చరిత్ర ఏమైపోవాలి? విశేషమేమిటంటే అదే అడోర్నో 1969లో, తాను చనిపోయిన ఏడాదే, లాంగ్ ప్లే రికార్డును మెచ్చుకుంటూ రాశాడు. రంగస్థలపు ఆర్భాటం లేకుండా ఆపెరాను ఇంట్లో కూర్చుని మళ్లీమళ్లీ వినగలగడం సంగీతానికి మేలే చేస్తుందన్నాడు. ఆ వ్యాసంలో కూడా శ్రోత ఒక్కడే!

సరుకు అంటున్నాం గనక అది దేనితో తయారైందో కూడా చూడాలి. వినైల్ రాకముందు, 78 వేగపు ప్లేటుకు ప్రధానమైన బంకపదార్థం లక్క. అందులో రాతిపొడి, మసి కలిపి అచ్చు నొక్కేవారు. ప్రపంచంలో వాడే లక్కలో అత్యధిక భాగం మన దేశం నుంచే పోయేది. ఛోటానాగపూర్ అడవుల్లో మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు పేర్చిన గూళ్లను ఆదివాసులు గీకి తెచ్చి దళారులకు అమ్మేవారు. న్యూయార్క్ స్టూడియోలో ట్రంపెట్ ఊదిన నల్లవాడి ఊపిరి నిలిచింది ఆ జిగురు మీదే. ఇది అలంకారానికి చెప్పిన మాట కాదు. జపాన్ యుద్ధంలోకి దిగి సముద్రమార్గాలు చిక్కుల్లో పడగానే 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు వాడే లక్క మీద ఆంక్షలు విధించింది. పాత ప్లేట్లు కొట్లకు తిరిగి ఇస్తే వాటిని పొడిచేసి కొత్తవి నొక్కేవారు. అలా ఎన్ని పాటలు పొడి అయిపోయాయో! అవి మనకు సంబంధం లేని ప్లేట్లు అనేవాళ్లు మోదుగ చెట్టును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇక ప్లేటు నిడివి. పది అంగుళాల ప్లేటు ఒకవైపు మూడు నిమిషాలు, పన్నెండు అంగుళాలదైతే నాలుగు నిమిషాల పైచిలుకు. 1913లో బెర్లిన్ ఫిల్‌హార్మనిక్ బృందం ఆర్తూర్ నికిష్ నిర్వహణలో బీతోవెన్ ఐదో సింఫనీని రికార్డు చేసినప్పుడు దాన్ని ఎనిమిది ముక్కలు చెయ్యవలసి వచ్చింది. జాజ్‌కు ఈ మూడు నిమిషాల పరిమితి ఒక ఛందస్సులా పనిచేసిందనుకుంటాను. సీసమో కందమో ఎంచుకున్న కవి ఆ పాదాల్లో ఒదిగినట్టు వాళ్లు అందులో ఒదిగారు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928లో షికాగోలో చేసిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్' విన్నవాళ్లకు ఆ మూడు నిమిషాల పైన ఇంకేం కావాలనిపించదు. శాస్త్రీయ సంగీతానికి మాత్రం అది సంకెల. పెద్ద కృతులు రికార్డు చేస్తే పెట్టుబడి రాదని కంపెనీలు వెనకాడేవి. ఆ చిక్కును విప్పడానికి పూనుకున్నది శ్రోతలే. కాంప్టన్ మెకెంజీ అనే స్కాటిష్ నవలాకారుడు 1923లో లండన్ నుంచి 'గ్రామఫోన్' పత్రిక ప్రారంభించాడు. మరుసటి ఏడాది నేషనల్ గ్రామఫోనిక్ సొసైటీ పెట్టి, కంపెనీలు ముట్టుకోని కృతులను చందాదారుల డబ్బుతో రికార్డు చేయించాడు. 1932 నుంచి 1935 వరకు ఆర్తూర్ ష్నాబెల్ బీతోవెన్ పియానో సొనాటాలు 32నూ రికార్డు చేసింది కూడా ఇటువంటి చందాదారుల సంఘం కోసమే. చందా కట్టగలిగినవాళ్లు కలిగినవాళ్లే అన్నది నిజం. అయినా శ్రోతలు ముందు జట్టుకట్టి, తమకేం కావాలో తేల్చుకుని, సరుకును ఆ తర్వాత పుట్టించుకోవడం మార్కెట్టు పద్ధతికి ఎదురు నడక. పుస్తకం రాకముందే చందాలు పోగుచేసి అచ్చు వేసుకున్న మన రచయితలకు ఈ నడక కొత్తది కాదు.

జాజ్ విషయంలో ఈ గుంపులు ఇంకా ముందుకు పోయాయి. 1932లో పారిస్‌లో కొందరు విద్యార్థులు హాట్ క్లబ్ ఆఫ్ ఫ్రాన్స్ ప్రారంభించారు. ఊగ్ పనాస్సియే అనే యువకుడు దానికి పెద్ద. చిత్రకారుల కొడుకు షార్ల్ దెలోనే మరొక స్తంభం. వాళ్ల దగ్గర ఉన్నవి అమెరికా నుంచి అరకొరగా వచ్చే ప్లేట్లు. ఆ ప్లేట్ల మీద బృందనాయకుడి పేరు తప్ప మరొకటి ఉండదు. ఆ ట్రంపెట్ ఎవరిది, ఆ క్లారినెట్ ఎవరిది? వీళ్లు పదేపదే విని, ఒకరి చెవిని మరొకరి చెవితో సరిపోల్చుకుని, వాద్యకారులు పారిస్ వస్తే వాళ్లనే అడిగి, ఏ ప్లేటు ఏ రోజు ఎక్కడ ఎవరెవరు కలిసి వాయించారో పట్టికలు తయారుచేశారు. 1936లో దెలోనే ప్రచురించిన 'హాట్ డిస్కోగ్రఫీ' ఆ శ్రమ ఫలితం. మన సాహిత్య విద్యార్థులకు ఈ పని విలువ చెప్పనక్కర్లేదు. నోటినోటా తిరిగిన చాటుపద్యాలను పోగుచేసి వాటి కర్తల గురించి వేటూరి ప్రభాకరశాస్త్రి గారు పడిన తాపత్రయం లాంటిదే ఇది. కర్త ఎవరన్నది శైలిని బట్టి పోల్చుకోవడం విమర్శలో మొదటి మెట్టు. తేడా ఏమిటంటే, ఇక్కడ పోల్చుకుంటున్నది కర్తను మాత్రమే కాదు, కూలిని. ఆ రోజు స్టూడియోకు పిలిపించి, ఇంత అని చేతిలో పెట్టి, పేరు కూడా వెయ్యకుండా పంపించేసిన మనిషిని.

అయితే ప్లేట్లు చూపినంత మేరకే వాళ్ల చూపు. పనాస్సియే 1934లో రాసిన మొదటి పుస్తకంలో తెల్ల వాద్యకారులకు అర్హతకు మించిన స్థానం దక్కింది. కారణం సిద్ధాంతం కాదు, సరఫరా. ఆయనకు మొదట్లో దొరికిన జాజ్ చాలావరకు తెల్లవాళ్ల ద్వారా దొరికిందే. 1942లో వచ్చిన రెండో పుస్తకంలో ఆయనే ఈ మాట ఒప్పుకుని తన అంచనాలు దిద్దుకున్నాడు. అసలు జాజ్ పేరుతో 1917లో వెలువడ్డ మొదటి ప్లేటే తెల్లవాళ్ల బృందానిది. న్యూ ఆర్లియన్స్‌లో ఈ సంగీతానికి ఆద్యుడిగా చెప్పుకునే బడ్డీ బోల్డెన్ వాయించిన ఒక్క స్వరం కూడా మనకు దక్కలేదు. ప్లేటు లేనివాడికి చరిత్ర లేదు. తాటాకు లేనివాడికి మన సాహిత్య చరిత్రల్లో ఏ గతి పట్టిందో వేరే చెప్పాలా?

కలిసి వినడం ఎంతవరకు పోగలదో చూపే ఉదాహరణ న్యూయార్క్‌లో ఉంది. దాని దగ్గర కాస్త ఆగుతాను.

42వ వీధిలో మిల్ట్ గేబ్లర్ అనే యువకుడు తన తండ్రి రేడియో దుకాణాన్ని రికార్డుల దుకాణంగా మార్చాడు. పేరు కమడోర్. కొనేవాళ్ల కంటె నిలబడి వినేవాళ్లే అక్కడ ఎక్కువని చెప్పుకుంటారు. పత్రికల వాళ్లు, విద్యార్థులు, వాద్యకారులు రోజూ చేరేవారు. కంపెనీలు ఆపేసిన పాత ప్లేట్లను గేబ్లర్ వాళ్ల దగ్గరే మళ్లీ నొక్కించి అమ్మాడు. ఆ ప్లేట్ల లేబుల్ మీద నాయకుడితో పాటు వాయించినవాళ్లందరి పేర్లూ అచ్చువేయించాడు. చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని బృందంలో ప్రతివాడికీ పేరుందని ఒక సరుకు మీద అచ్చుపడడం చిన్న విషయం కాదు. 1938లో సొంతంగా రికార్డు చెయ్యడం కూడా మొదలుపెట్టాడు.

ఆ నగరంలోనే, బ్రాంక్స్‌లో, ఏబెల్ మీరపోల్ అనే బడిపంతులు ఉండేవాడు. కమ్యూనిస్టు. (మన వృత్తివాడని ఈ సంగతి నేను కొంచెం గర్వంగానే చెబుతున్నాను.) మూకలు నల్లవాళ్లను చెట్లకు ఉరితీసే దారుణాన్ని ఫొటోలో చూసి ఆయన ఒక కవిత రాశాడు. అది మొదట అచ్చయింది 1937లో, న్యూయార్క్ ఉపాధ్యాయ సంఘ పత్రికలో. తర్వాత తానే బాణీ కట్టాడు. ఆ పాటే 'స్ట్రేంజ్ ఫ్రూట్'. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కూర్చోగలిగిన కఫే సొసైటీ అనే క్లబ్బులో బిల్లీ హాలిడే 1939లో దాన్ని పాడింది. ఆమెతో ఒప్పందం ఉన్న కొలంబియా కంపెనీ దాన్ని ప్లేటుగా వెయ్యడానికి సిద్ధపడలేదు. దక్షిణాది వ్యాపారం దెబ్బతింటుందని భయం. అప్పుడామె వచ్చింది గేబ్లర్ దగ్గరికి. కొలంబియా ఆమెకు ఆ మేరకు వెసులుబాటు ఇచ్చింది. 1939 ఏప్రిల్ 20న పాట రికార్డయింది. పాట మరీ చిన్నదని గేబ్లర్‌కు తోచి పియానో వాద్యకారుడు సానీ వైట్‌ను ముందు కొంచెం వాయించమన్నాడట. అందుకే ఆ ప్లేటులో హాలిడే గొంతు ఒక నిమిషం దాటాకగాని వినిపించదు. ఆ నిమిషంలో ఏం జరగబోతోందో శ్రోతకు తెలియదు. ఏదో జరగబోతోందని మాత్రం తెలుస్తుంది. ట్రంపెట్ ఫ్రాంకీ న్యూటన్‌ది.

ఈ పాటను కవితగా మాత్రమే చదివి దాని ప్రతీకను విశ్లేషించిన విమర్శ చాలా ఉంది. కవిత మంచిదే, మహత్తరమైనదని నేననను. పాట మహత్తరమైంది. గొంతు ఎక్కడా పెంచకుండా, మాటల చివర్లను విరిచి వదిలేసే ఆ పద్ధతిలో ఉంది దాని బలం. ఆ బలాన్ని నమ్మి ప్లేటుగా వెయ్యగలిగిన దుకాణదారుడి వెనక, ఏళ్ల తరబడి అక్కడ నిలబడి కలిసి విన్న మనుషులున్నారు. వెనకవైపు పాట ఒక ప్రేమ బ్లూస్. కాసు వేసి పాట పెట్టుకునే పెట్టెల్లో ఎక్కువగా మోగింది ఆ వెనకవైపే. మార్కెట్టు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది.

దీనికి నాలుగు నెలల ముందు, 1938 డిసెంబర్ 23న, 'న్యూ మాసెస్' అనే వామపక్ష వారపత్రిక పోషణలో జాన్ హామండ్ కార్నెగీ హాలులో నల్లవాళ్ల సంగీత సభ ఏర్పాటు చేశాడు. దానికి మిసిసిపీ నుంచి రాబర్ట్ జాన్సన్ అనే గాయకుణ్ణి పిలిపించాలనుకున్నాడు. వాకబు చేస్తే తెలిసింది, జాన్సన్ ఆగస్టులోనే చనిపోయాడని. వయసు 27. 1936, 37లలో టెక్సాస్‌లో చేసిన రెండు విడతల రికార్డింగుల్లో పాడిన 29 పాటలే అతని ఆస్తి. ఎక్కడ పూడ్చారో కూడా సరిగా తెలియని మనిషి అతను. హామండ్ ఆ రాత్రి వేదిక మీద గ్రామఫోను పెట్టి జాన్సన్ ప్లేట్లు రెండు వేసి వినిపించాడు. ధనికులు సింఫనీలు వినే ఆ హాలులో సభ యావత్తూ ఒక పెట్టె ముందు కూర్చుని చనిపోయిన పత్తికూలీల బిడ్డ గొంతు వింది. రికార్డుకు సభ లేదని మొదట్లో నేనే అన్నాను గదా, ఆ రాత్రి ఉంది.

అయితే హామండ్‌ను ఆకాశానికెత్తవలసిన పనిలేదు. ఆయన పుట్టుకతో సంపన్నుడు, కంపెనీల మనిషి. బెస్సీ స్మిత్ వంటి గాయని కొలంబియాకు లక్షలు ఆర్జించిపెట్టింది; ఆమెకు ముట్టింది మాత్రం పాటకింత అని కూలి. రాయల్టీ లేదు. ఈ వ్యవస్థను అభిమానుల గుంపులేవీ మార్చలేదు, మార్చడానికి పెద్దగా ప్రయత్నించనూ లేదు. ప్లేటు మీద పేర్లు అచ్చువేయించడం దగ్గర ఆగిపోయాయి.

ఫ్రాంకీ న్యూటన్ పేరు పైన చెప్పాను. కమ్యూనిస్టుగా పేరుపడ్డ కొద్దిమంది జాజ్ వాద్యకారుల్లో అతను ఒకడు. ఎరిక్ హాబ్స్‌బామ్ 1950 దశకంలో 'న్యూ స్టేట్స్‌మన్'లో జాజ్ విమర్శ రాసినప్పుడు మారుపేరుగా పెట్టుకున్నది ఇతని పేరే: ఫ్రాన్సిస్ న్యూటన్. 1959లో ఆ పేరుతోనే 'ది జాజ్ సీన్' వెలువరించాడు. హాబ్స్‌బామ్‌కు ఈ సంగీతం అంటించింది అతని బంధువైన డెనిస్ అనే కుర్రాడు. ఇద్దరూ కలిసి ప్లేట్లు వినేవారు. 1933లో డ్యూక్ ఎలింగ్టన్ బృందం లండన్ వస్తే కలిసే వెళ్లి విన్నారు. ఈ పుస్తకంలో నాకు నచ్చింది, సంగీతం ఎంత ఉందో దాన్ని బతికించే వ్యాపారం, వినే జనం కూడా అంత ఉండడం. అడోర్నో వదిలేసిన ప్రశ్నను హాబ్స్‌బామ్ అడిగాడు: వినేవాళ్లెవరు, ఎవరితో కలిసి వింటున్నారు? వాయిద్యాల మీద అతని తీర్పులు కొన్ని నాకు పొడిగా తోస్తాయి. అది వేరే చర్చ.

అభిమానం వస్తువ్యామోహమైతే ఏమవుతుందో కూడా చెప్పాలి. డీన్ బెనెడెట్టీ అనే సాక్సఫోను వాద్యకారుడు 1947, 48లలో చార్లీ పార్కర్ ఎక్కడ వాయిస్తే అక్కడికి రికార్డింగు యంత్రం మోసుకుపోయాడు. పార్కర్ సోలో మొదలవగానే యంత్రం తిప్పేవాడు; అది ముగిసి పక్కవాడు అందుకోగానే చాలావరకు ఆపేసేవాడు. అతని భక్తి వల్ల అపురూపమైన సంగీతం దక్కింది. 1990లో అది ప్రచురణ కూడా అయింది. కాని జాజ్ అంటే సంభాషణ. ఒకడు అన్నదానికి మరొకడు బదులు చెప్పడం. బెనెడెట్టీ దక్కించింది సంభాషణలో ఒకరి మాటలు మాత్రమే. హరికథలో పద్యాలు మాత్రం ఏరి దాచుకుని కథ పారేసినట్టు. మహాకవుల చుట్టూ మనం కట్టిన విమర్శలో బెనెడెట్టీ యంత్రం ఎన్నిసార్లు ఆగిందో వెతికి చూసుకోవచ్చు.

జపాన్‌లో రికార్డు కాఫీ హోటళ్లు మరో దారి తొక్కాయి. యొకొహామాలో 1933లో తెరిచిన చిగూసా వాటిలో పేరుపడ్డది. దిగుమతి ప్లేటు కొనే తాహతు లేని విద్యార్థి ఒక్క కప్పు కాఫీతో గంటలు కూర్చుని వినవచ్చు. యుద్ధకాలంలో శత్రుసంగీతమని ప్రభుత్వం నిషేధించింది. అమెరికా బాంబులకు ఆ ప్లేట్లు బూడిదయ్యాయి. ఒకే సంగీతాన్ని ఒకరు నిషేధించారు, మరొకరు తగలబెట్టారు! యుద్ధం తర్వాత యజమాని మళ్లీ ప్లేట్లు కూడబెట్టాడు. తొషికో అకియోషి వంటి వాద్యకారులు అక్కడ విని నేర్చుకున్నారు. చిగూసా 2007 దాకా నడిచింది. ఇటువంటి హోటళ్లు చాలావాటిలో మాట్లాడకూడదని నియమం. ఈ నియమం నాకు సగమే నచ్చింది. వినేటప్పుడు నోరు మూసుకోవలసిందే. విన్నాక కూడా మూసుకుంటే అది పూజ అవుతుంది.

మా ఊళ్లో మేం నలుగురం ఏడెనిమిదేళ్లుగా పాటిస్తున్న పద్ధతి ఈ మిగతా సగం కోసమే. ప్లేట్లు రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనవి. కలకత్తా, బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద ఏరి కొన్నవి. రోజుకు ఒకవైపు మాత్రమే వింటాం. తర్వాత ఒక్కొక్కరం నోటుపుస్తకంలో రెండు మూడు వాక్యాలు రాస్తాం. ఎవరు వాయించారు, ఎప్పుడు, ఏం వినిపించింది. అద్భుతం, అమోఘం వంటి మాటలు నిషిద్ధం. ఒకరు రాసింది తప్పని మరొకరు కింద రాయవచ్చు.

ఒకసారి ఫుర్ట్‌వాంగ్లర్ నిర్వహించిన బీతోవెన్ తొమ్మిదో సింఫనీ విన్నాం. 1942 మార్చిలో బెర్లిన్‌లో చేసిన రికార్డింగు. యుద్ధానంతరం ఆ టేపులు మాస్కో చేరి, సోవియట్ ప్లేట్లుగా వెలువడ్డాయి. ఆ చివరి భాగపు ఉద్ధృతికి మాలో ఒకరు చలించిపోయారు. ఆ భేరీల మోతలో నాజీల మీద నిర్వాహకుడి ఆగ్రహం వినిపిస్తోందన్నారు. అలా వినే విమర్శకులు పాశ్చాత్యుల్లోనూ ఉన్నారు. మరొక మిత్రుడు లెక్కల మాస్టారు. ఆయన ఒప్పుకోలేదు. "అదే నెల కాకపోతే మరుసటి నెల, ఇదే కృతిని ఇదే మనిషి హిట్లర్ పుట్టినరోజు ముందటి సాయంత్రం వాయించలేదా అండీ? అప్పుడూ ఆగ్రహమేనా?" అన్నారు. వాదన నాలుగు రోజులు నడిచింది. పెద్దాయన ఏమీ అనకుండా ఐదో రోజు ష్నాబెల్ సొనాటా ఒకటి వేశారు. విన్నాక నేను రాసింది ఇంతే: ష్నాబెల్ యూదుడు. 1933లో బెర్లిన్ వదిలాడు. ఆయన తల్లిని 1942 వేసవిలో నాజీలు తెరెసీన్‌స్టాట్ శిబిరానికి తరలించారు. ఆమె అక్కడే చనిపోయింది.

అదే ఏడు, అదే బీతోవెన్. ఈ రెండు సంగతులూ విడివిడిగా ఎవరికైనా తెలిసి ఉండవచ్చు. ఒకే బల్ల మీదికి రావడానికి మాత్రం నలుగురు కావలసి వచ్చింది. భేరీల మోతను బట్టి వాయించినవాడి రాజకీయాలు నిర్ణయించడం కుదరదని నా అభిప్రాయం. అలాగని ఆ రికార్డు వినడం మానేద్దామన్న ప్రతిపాదనకు కూడా నేను ఒప్పుకోలేదు. తేదీ తెలిసి వినాలి. ఆనందించినవాడు ఆ ఆనందం పక్కనే తేదీ రాయాలి. లెక్కల మాస్టారు ఈ పరిష్కారంతో తృప్తిపడలేదు. ఆ పేజీలో ఆయన రాసిన ప్రశ్నార్థకం ఇప్పటికీ అలాగే ఉంది.

ఇదంతా తెలుగు విమర్శకు ఏం సంబంధమంటే, మన దగ్గర పాట మీద విమర్శ దాదాపుగా మాట మీద విమర్శే. సంగీతంలో మాటల భాగానికి 'సాహిత్యం' అని పేరుంది గనక మన బాధ్యత అంతవరకే అనుకున్నట్టుంది. అభ్యుదయ రచయితల్లో సంగీతం గురించి శ్రద్ధగా వ్యాసాలు రాసిన కొడవటిగంటి కుటుంబరావు గారి దారిన తర్వాత ఎందరు నడిచారు? నాజర్ గారి బుర్రకథల మీద ఎంత రాసినా ఇతివృత్తం, వర్గ దృక్పథం, భాష. గుమ్మెటల దరువు కథను ఎక్కడ తొందరపెడుతుంది, వంతల అడ్డుప్రశ్న ఏ తాళం మీద పడుతుంది అన్నది నాకు తెలిసి ఎవరూ వివరంగా రాయలేదు. ఉద్యమాల పాటల సంకలనాలు అచ్చయ్యాయి, మంచి పనే. కాని అచ్చులో చూసి ఆ పాటలను పేలవమని తేల్చేసిన విమర్శకులు 'స్ట్రేంజ్ ఫ్రూట్'ను మాత్రం ఆకాశానికెత్తడం నేను చూశాను. ఒకదాన్ని విన్నారు, మరొకదాన్ని చదివారు.

ఈ మధ్య మా నోటుపుస్తకంలో తెలుగు ప్లేట్లకు కూడా పేజీలు తెరిచాం. నాటక పద్యాల పాత ప్లేట్లు పదిహేను దాకా చేరాయి. మాకు దొరికిన వాటిమీద పాడినవారి పేరుంది, నాటకం పేరుంది. హార్మోనియం ఎవరు వాయించారో ఒక్కదాని మీద లేదు. రాగం తీసేటప్పుడు గాయకుడి కంటె అర క్షణం ముందే దారి చూపి తప్పుకునే హార్మోనియం ఒకటి వాటిలో మూడు ప్లేట్ల మీద వినిపిస్తోంది. మూడూ ఒకే చెయ్యి అని నేనూ పెద్దాయనా అంటున్నాం. లెక్కల మాస్టారు రెండే అంటున్నారు. తాతల నాటి సురభి వారినో, పాత నాటక సమాజాల వారినో ఎరిగినవాళ్లు పాఠకుల్లో ఉంటే, వాళ్ల ఇళ్లలో ఏ కాగితాల మీదనైనా హార్మోనిస్టుల పేర్లు, రికార్డింగుకు మద్రాసు వెళ్లిన తేదీలు కనబడితే ఈ పత్రికకు రాయవలసిందిగా కోరుతున్నాను.